బేగార్ అంటే బేకార్ కాదు!

ఈ పక్షం ఒక్క మాట గురించి రాస్తున్నం. పట్టాల పంచాయితీ ఉండంగ, కూలిరేట్ల పంచాయితీ ఉండంగ ఈ మాటల పంచాయితీ ఏందని కొందరు అడుగుతరు. అడగనియ్యండి. ఆ మాట మాలో ఒక పిల్లగాని ఇంటిపేరు. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఓటర్ల లిస్టు తీసి మన వాడల పేజీలు చూడండి, ఆ ఇంటిపేరు ఎన్ని గడపలకున్నదో మీకే తెలుస్తది.

సంగతి ఇట్ల మొదలైంది. హయత్‌నగర్‌లో మేం కొంతమందిమి ఆదివారం పొద్దుగూకే యాళ్లకు ఒక్కకాడ కూసొని పుస్తకం చదువుకుంటం. డిగ్రీ పిల్లలున్నరు, సెంట్రింగ్ పనోళ్లున్నరు, ఆటో నడిపేటోళ్లున్నరు, ఇద్దరు ముసలోళ్లున్నరు. చదువొచ్చినోళ్లు చదువుతరు, రానోళ్లు వింటరు. మా అనుభవంలో వినేటోళ్ల ప్రశ్నలే గట్టిగ ఉంటయి. డిగ్రీలో హిందీ తీసుకున్న ఒక పిల్లగాడు ఈసారి ప్రేమ్‌చంద్ ‘గోదాన్’ తెచ్చిండు. హిందీ చదువుడు, ఆగి తెలుగుల చెప్పుడు. అట్ల నడుస్తున్నది.

‘గోదాన్’ 1936లో వచ్చింది. అదే ఏడు ప్రేమ్‌చంద్ చనిపోయిండు. అవధ్ దిక్కు పల్లెల కథ. మొదట్లోనే బేలారీ ఊరి రైతు హోరీ, సేమరీలో ఉండే జమీందారు రాయసాహెబ్ అమర్‌పాల్ సింగ్‌ను చూడబోతడు. రాయసాహెబ్ మామూలు జమీందారు కాదు. సత్యాగ్రహంల జైలుకు పోయొచ్చినోడు, కౌన్సిల్ పదవి వదులుకున్నోడు. హోరీని కూసోబెట్టుకొని పెద్ద ధర్మోపన్యాసం ఇస్తడు. మా ఆస్తే మాకు బరువు, పరుల కష్టం తిని బతికే బతుకు బతుకు కాదు, ఈ జమీందారీ పోతేనే మాకు మేలు అని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నంత పని చేస్తడు. మా ఆటో తమ్ముడు ఇక్కడ ఆపి, “ఈయనకు మన మండలంలో టికెట్ ఇయ్యొచ్చు” అన్నడు. అందరం నవ్వినం.

అప్పుడొస్తడు ఒక బంట్రోతు. సర్కార్, బేగార్లు పని చెయ్యమంటున్నరు, తిండి పెడితేనే పని చేస్తరట, అని చెప్తడు. రాయసాహెబ్ మొఖం మారిపోతది. ఎన్నడు పెట్టని తిండి ఇయ్యాల ఎందుకు పెట్టాలె, రోజుకు అణా చొప్పున ఎప్పుడిచ్చేది ఇస్తం, వీళ్ల సంగతి చూస్త, అని లేచిపోతడు. ఇంతసేపు ధర్మం మాట్లాడిన మనిషి ఒక్క పూటలో, ఒక్క నిమిషంలో ఎట్ల మారిండో అని హోరీ నోరెళ్లబెడతడు.

ఇక్కడనే మా చదువు ఆగింది. బేగార్లు అంటే ఎవరు?

పిల్లగానికి తెల్వలేదు. హైదరాబాద్ చుట్టుపక్కల పుట్టినోళ్లకు ‘బేకార్’ అంటే ఎవరైనా చెప్తరు. పనీపాటా లేనోడు. చదివి ఖాళీగ తిరుగుతున్న పిల్లగాండ్లను ఇండ్లల్ల పొద్దున లేస్తే పిలిచేది ఆ మాటతోనే. ‘బేకార్’ను ‘బేగార్’ అని తప్పు అచ్చేసిండ్రేమో అనుకున్నం. అట్లనే అర్థం పెట్టి మళ్ల చదివినం. పని లేనోళ్లు పని చెయ్యమన్నరు! ఇదేం మాట? పని లేనోడు పని చెయ్యనంటే ఎవరికి నష్టం? రాయసాహెబ్‌కు అంత కోపమెందుకు? అర్థం అతకలే. అచ్చుతప్పు అనుకుందమంటే ఆ మాట ఒక్కసారి కాదు, ముందు పేజీలల్ల కూడ వస్తున్నది. జేబు నిఘంటువు తీస్తే అందులో ఆ మాటే లేదు.

రోజుకు అణా ఇస్తరట, తిండి పెట్టరట, పిలిస్తే రావాలట. ఈ మూడు గుర్తులు పట్టుకొని ఒకరు ‘కూలీ’ అన్నరు. కూలీ అయితే పని ఒద్దనుకుంటే ఇంకోకాడికి పోతడు కదా, అని ఇంకొకరు. ‘జీతగాడు’ అన్నరు మరొకరు. జీతగానికి ఏడాది లెక్క ఉంటది, తిండి దొర ఇంట్లనే ఉంటది, అది కాదు.

గోడకొరిగి కూసున్న తాత అప్పటిదాక మాట్లాడలే. బీడీ పక్కకు పెట్టి, “ఏం మాట బిడ్డా అది, మళ్లొకసారి అను” అన్నడు. పిల్లగాడు అన్నడు. తాత నవ్విండు. “అది మనమే కదరా. బేగరోళ్లం. నీ ఇంటిపేరే నీకు తెల్వలేదా?”

ఒక్క నిమిషం ఎవరం మాట్లాడలే. ఆ పిల్లగాని ఇంటిపేరు బేగరి. బడి సర్టిఫికెట్‌ల ‘బేగరి’, ఆధార్ కార్డుల ‘బేగరి’. ‘గా’ దీర్ఘం ఎక్కడనో రాలిపోయింది, అందుకే ఇన్ని రోజులు పోల్చలే. వెయ్యి కిలోమీటర్ల అవతల, అవధ్ జమీందారు మీద రాసిన హిందీ నవలల తన ఇంటిపేరు కనవడ్డది వానికి. అది కూడ ఎట్ల? అన్నం పెడితేనే పని చేస్తం అని ఎదురు తిరిగినోళ్ల పేరుగా!

మాట పుట్టుక ఇది. బేగార్ పారశీకం నుంచి వచ్చింది. ముసల్మాన్ పాలనలో దస్తరం భాష అదే కాబట్టి ఉత్తరాదిల, దక్కన్‌ల అంతట పాకింది. కూలి ఇయ్యకుండ బలవంతంగ చేయించుకునే పని బేగార్, ఆ పని చేసేటోడు బేగారి. అట్లని ఆ చాకిరిని తురకలే తెచ్చిండ్రు అనే పెద్దమనుషులకు ఒక మాట చెప్పాలె. కౌటిల్యుని అర్థశాస్త్రంల ‘విష్టి’ ఉన్నది. తమిళంల, తెలుగుల ‘వెట్టి’, కన్నడంల ‘బిట్టి’. రాజులు మారినప్పుడల్ల దస్తరంల మాట మారింది, మూట మోసిన నెత్తి మారలే.

తాత చెప్పింది చెప్పినట్టు రాస్తే ఈ సంచిక సరిపోదు. హైదరాబాద్ చుట్టూ ఉన్న పల్లెల్లో చానమట్టుకు నిజాం సొంత ఖర్చుల కింద ఉన్న సర్ఫెఖాస్ భూములు, అత్రాఫ్ బల్దా జిల్లా. ఊర్లె పటేల్, పట్వారీ. వాళ్ల కింద నీళ్లు పారించే నీరడి, కావలుండే శేత్‌సింధీ, అందరి కింద బేగరి. మా దిక్కు ఈ పని ఎక్కువ మాలలది, కొన్ని ఊర్లల్ల మాదిగలది. గిర్దావర్ ఊర్లెకొస్తే ఆయన పక్కబట్ట మోసేది బేగరి. పట్వారీ దస్తరం మూట నెత్తిన పెట్టుకొని తహశీల్ దాక నడిచేది బేగరి. చావడి ఊడ్చేది, గుర్రానికి గడ్డి కోసుకొచ్చేది, కట్టెలు కొట్టేది, అర్ధరాత్రి కాగడా పట్టుకొని ముందు నడిచేది, వేరే ఊర్లె చుట్టాలకు చావుకబురు మోసేది, ఊర్లె ఎవరు సచ్చినా బొంద తవ్వేది. మొగోడు ఊర్లె లేకపోతే ఆడోళ్లు పోవాలె, పిల్లలు పోవాలె. “మా అవ్వ నెలలు నిండినప్పుడు కూడ దస్తరం మూట మోసింది” అన్నడు తాత. అన్నంక చానసేపు మాట్లాడలే.

అయితే తాతే ఒక అడ్డం కూడ ఏసిండు. “ఒట్టిగ చేసినం అని రాయకుండ్రి. మాకు మాన్యం ఉండె. కల్లం కాడ మేర ఉండె. ఊరు మమ్ముల సాకింది.” పిల్లగాండ్లు అప్పటికే కోపం మీదున్నరు, మాన్యం ఎంత తాతా అని అడిగిండ్రు. కొన్ని కుంటలు. అది ఎంతమంది అన్నదమ్ములకు? ఏడుగురికి. కల్లం కాడ ఏమిస్తుండె? దొర బుద్ధి బాగుంటే కుంచెడు, లేకుంటే ఊడ్చిన తాలు. ఏడాదికి ఎన్ని రోజుల పని? “రోజులేంది బిడ్డా, రాత్రి కూడ మనది కాదు.” లెక్క గట్టబోయినోళ్లు కాయితం పక్కకు పెట్టిండ్రు. ఆ మాన్యం ఇప్పుడు ఎక్కడున్నది తాతా అంటే చెయ్యి ఊపి ఊరుకున్నడు. అది వేరే కథ, ఈ రోడ్డు పొంటి ప్లాట్ల రాళ్లు చెప్తయి ఆ కథ.

తాత లేవనెత్తిన ప్రశ్నను మేం చిన్నగ చూడటం లేదు. నవలల రాయసాహెబ్ వాదన కూడ అదే కదా. అణా ఇస్తున్న, ఎప్పుడూ ఇచ్చేదే ఇస్తున్న. ఎంతో కొంత ఇస్తే అది బేగార్ అవుతదా, కాదా?

ఇదే ప్రశ్న మీద సుప్రీంకోర్టు జడ్జీలు కూడ తల పట్టుకున్నరు. 1982లో ఢిల్లీలో ఏషియాడ్ ఆటల కోసం స్టేడియాలు, వంతెనలు కట్టినప్పుడు కూలీలకు కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. అందులో మనిషికి రూపాయి చొప్పున జమాదార్లు కోసుకుంటుండ్రు. ఒక పౌరహక్కుల సంఘం కోర్టుకు ఉత్తరం రాస్తే ఆ ఉత్తరాన్నే రిట్‌గా తీసుకున్నరు. తీర్పు రాసింది జస్టిస్ భగవతి. రాజ్యాంగం 23వ అధికరణంల ‘బేగార్’ అని ఉన్నది, అది ఇంగ్లిష్ మాట కాదు, దాని అర్థమేంది? మేం ఆదివారం నాడు చేసిన పనే ఆయన కూడ చేసిండు. నిఘంటువులు తీసిండు. మోల్స్‌వర్త్ మరాఠీ నిఘంటువు చూసిండు. ప్రభుత్వమో, అధికారం ఉన్నోడో ప్రతిఫలం ఇయ్యకుండ చేయించుకునే చాకిరి అని ఉన్నది అందులో. విల్సన్ 1855లో అచ్చేసిన రెవెన్యూ మాటల కోశం చూసిండు. బలవంతంగ మూటలు మోయించబడేటోడు, పాత పద్ధతిల కూలి లేదు, ఇప్పుడు బేగారికి కూలి ఇస్తున్నరు అని ఉన్నది. చూడండి, తాత చెప్పిన దస్తరం మూట ఆ కోశంల కూడ ఉన్నది, మా తాత దాన్ని చదవలే, మోసిండు. ఆఖరుకు కోర్టు తేల్చిందేమంటే, ఎంతో కొంత ఇచ్చినా అది కనీస కూలి కంటే తక్కువైతే బలవంతపు చాకిరే. మనిషిని బలవంతం చేసేది కొరడా ఒక్కటే కాదు, ఆకలి కూడ బలవంతమే. ఇది తీర్పు సారం, మా మాటల్లో చెప్తున్నం.

ఆ లెక్కన రాయసాహెబ్ అణా తోటి తప్పించుకోలేడు. కుంచెడు వడ్ల తోటి మా దొరలు తప్పించుకోలేరు. తాతకు ఈ తీర్పు చదివి వినిపించినం. “ఢిల్లీల గంత పెద్ద జడ్జికి కూడ మన పేరు తెలుసన్నట్టు” అన్నడు. మెచ్చుకున్నడో, ఎత్తిపొడిచిండో మాకు తెల్వలేదు.

23వ అధికరణం దగ్గర కొంచెం ఆగుదం. బాబాసాహెబ్ అధ్యక్షునిగా ఉన్న ముసాయిదా కమిటీ ఇంగ్లిష్‌ల రాసిన రాజ్యాంగంల ఈ దేశీ మాటను అట్లనే ఉంచింది. ఇంగ్లిష్‌ల బలవంతపు చాకిరికి మాట లేక కాదు, అది కూడ ఆ వాక్యంలనే పక్కన ఉన్నది. దాని పక్కన ‘బేగార్’ అని విడిగ పెట్టిండ్రు. మన పిల్లల బడి పుస్తకాలల్ల ‘వెట్టిచాకిరి నిషేధం’ అని చెప్పి ముందుకు పోతరు. తప్పు కాదు. కానీ బేగరి ఇంటిపేరు ఉన్న పిల్లగాడు ఆ పాఠం చదివి పదికి పది మార్కులు తెచ్చుకొని కూడ, ఆ నిషేధం తన తాతల మీదనుంచి ఎత్తేసిన బరువు అని తెల్వకుండనే పై క్లాసుకు పోతడు. అదే క్లాసుల హాజరు పిలిచేటప్పుడు ఆ ఇంటిపేరు మీద పంతులు ఎకసెక్కం చేస్తే తలకాయ దించుకుంటడు. మా పిల్లగానికి అట్ల అయ్యింది. ఏ బడి అని అడగకండి, ఒక్క బడి అయితే పేరు రాద్దుము.

అదే అధికరణం రెండో భాగం కూడ సంఘాలల్ల చదవాలె. ప్రజల అవసరం కోసం సర్కారు తప్పనిసరి సేవ పెట్టొచ్చట, కానీ అందులో మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా చెయ్యొద్దట. “ఇది ఊరి పని, అనాదిగ వస్తున్నది” అనేటోళ్లకు జవాబు ఇక్కడ ఉన్నది. ఊరి పని అయితే ఊరందరు వంతులేసుకోండ్రి. ఒక్క వాడ మీదనే ఎట్ల పడ్డది?

బాబాసాహెబ్‌కు ఈ సంగతి పుస్తకాలల్ల చదివితే తెలిసింది కాదు. మహారాష్ట్రల మహార్లది మన బేగరోళ్ల బతుకే. కొంచెం వతన్ భూమి చూపించి రాత్రింబగళ్లు ఊరి చాకిరి చేయించుకునేది. 1928లో ఆయన బొంబాయి శాసనమండలిల వతన్ చట్టం సవరణకు బిల్లు పెట్టిండు. పనికి పేరున్నోడు ఇంట్లో లేకపోతే వాని తండ్రినో, ఇంకో ఇంటి మనిషినో పట్టుకుపోతున్నరు, ఇదేం కొలువు అని అడిగిండు. తాత వాళ్లవ్వ మోసిన మూటే అది. ఆ వతన్లు చట్టంగ రద్దు కావడానికి 1958 దాక పట్టింది. అప్పటికి బాబాసాహెబ్ లేడు. ఆ చిన్న భూమే మహారును ఊరి గుంజకు కట్టేసిన తాడు అని ఆయన ఎందుకన్నడో, “మాకు మాన్యం ఉండె” అన్న తాత మాట విన్నంకనే మాకు బాగ అర్థమైంది.

ఇంకో ముచ్చట. ఉత్తరాన కుమావూ కొండలల్ల కూడ బేగార్ ఉండె. తెల్లదొరలు తిరిగినప్పుడల్ల ఊరోళ్లు వంతులేసుకొని మూటలు మోయాలె. 1921 జనవరిల, సంక్రాంతి జాతర నాడు బాగేశ్వర్ దగ్గర వేలమంది కూడి, ఎవరి వంతు ఎప్పుడో రాసిపెట్టిన రిజిస్టర్లను సరయూ నదిల పారేసిండ్రు. అంతటితోని ఆ చాకిరి ఆగింది. మన దగ్గర ఎందుకు అట్ల కాలే? మేం అనుకునేది ఇది. అక్కడ ఆ చాకిరి సాగు చేసుకునేటోళ్లందరి మీద పడ్డది, పై కులపోడు కూడ మోసిండు. అందుకే వాళ్లకు అది ఒక పని. రిజిస్టర్ పోంగనే పని పోయింది. ఇక్కడ అది పని కాదు, మనిషే. రిజిస్టర్‌ల రాయాల్సిన అవసరం లేకుండ పుట్టుకల రాసిండ్రు. 1949 ఆగస్టుల జాగీర్లు పోయినయి. 1984లో పటేల్, పట్వారీ పోయిండ్రు. బేగరి మాత్రం పోలే. గ్రామ సేవకుడైండు, తర్వాత వీఆర్ఏ అయిండు, 2022లో జీతాల స్కేలు కోసం రోజులకు రోజులు సమ్మె చేసిండు, 2023లో తెలంగాణ సర్కారు ఆ కొలువు తీసి మనుషులను వేరే శాఖలల్ల కలిపింది. కొలువు పోయినా ఇంటిపేరు అట్లనే ఉన్నది.

పేరు అంటే ఇంకో మాట గుర్తుకొస్తున్నది. మేం కూసుండే ఊరు హయత్‌నగర్. కుతుబ్‌షాహీల కాలంల హయత్ బక్షీ బేగం పేరు మీద వచ్చిన ఊరు. ఆమె పేరు మీదనే 1672 నాటి మసీదు ఉన్నది, పక్కన పెద్ద ఏనుగుబావి ఉన్నది. చూడటానికి జనం వస్తరు, ఫొటోలు తీసుకుంటరు. ఆ బావి మట్టి మోసినోని పేరు ఏ రాయి మీద లేదు. బేగం ఊరి పేరైంది. బేగారి మన ఇంటిపేరైంది.

ఇక అసలు తగాదాకు వద్దాం. ఆ ఆదివారం అయినంక మా పిల్లగాడు, ఈ ఇంటిపేరు మార్చుకుంట, గెజిట్‌కు ఎంత ఖర్చైతది అని అడిగిండు. జట్టు రెండుగ చీలింది.

మార్చుకోవాలె అన్నోళ్ల మాట: ఇది మన పేరు కాదు, మన నెత్తిన పెట్టిన మూట పేరు. మాల, మాదిగ అనేవి జనం పేర్లు. 1994లో దండోరా మొదలైనంక ‘మాదిగ’ అని పేరు చివర పెట్టుకున్నరంటే అది తిట్టును జెండా చేసుడు. బేగారి అట్ల కాదు, దొర చేయించిన పని పేరు. దాన్ని జెండా చేసుకుంటమా? ఉంచుకోవాలె అన్నోళ్ల మాట: దేశ్‌ముఖ్ కూడ కొలువు పేరే, కులకర్ణి కూడ కొలువు పేరే, పటేల్ కూడ కొలువు పేరే. తిన్నోళ్లు ఆ పేర్లను బోర్డుల మీద రాసుకొని తిరుగుతున్నరు. చాకిరి చేసినోళ్లం మనమెందుకు దాచుకోవాలె? పేరు మార్చుకుంటే సాక్ష్యం పోతది.

రెండు దిక్కుల న్యాయం ఉన్నది. కానీ మేం గోడమీది పిల్లిలెక్క ఉండదలచుకోలే. మా అభిప్రాయం ఇది. పేరు ఉంచుకోవాలెనా, తీసెయ్యాలెనా అనేది ఆ పేరు మోసేటోని ఇష్టం, సంఘం హుకుం కాదు. సాక్ష్యం కోసం ఇరవై ఏండ్ల పిల్లగాడు ఇంటర్వ్యూకు పోయిన ప్రతికాడ సిగ్గుపడాలె అనడం మళ్లొక బేగారే. చరిత్రను మోసే పని కూడ వాని ఒక్కని నెత్తినే ఎందుకు? సాక్ష్యం ఉండాల్సిన జాగ వేరే ఉన్నది. నిఘంటువుల ఉండాలె. బడి పుస్తకంల 23వ అధికరణం పక్కన, ‘ఈ మాట తెలంగాణల కొన్ని వేల కుటుంబాల ఇంటిపేరు, ఎందుకైందంటే’ అని రెండు వాక్యాలుండాలె. మన తెలుగు నవలల మీద రాసే పండితులు కూడ ఈ పని చెయ్యాలె. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ చదివినోళ్లకు ఆడబాప అంటే తెలుసు. దొరసాని వెంట అరణంగ వచ్చిన ఆడబిడ్డ బతుకు ఏందో నవల పట్టి చూపింది కాబట్టి ఆ మాట బతికింది. 1976 నాటి వెట్టి నిర్మూలన చట్టంల దేశంల ఉన్న బానిస కొలువుల పేర్లు వరుసగ రాసిండ్రు. అందులో మన భగేలా ఉన్నది, జీతం ఉన్నది, పాలేరు ఉన్నది, వెట్టి ఉన్నది. చట్టం రాసినోళ్లకు తెలిసిన మాటలు మన నిఘంటువులోళ్లకు తెల్వకపాయెనా?

ప్రేమ్‌చంద్ మీద కూడ మాకొక ఫిర్యాదు ఉన్నది. ఆయన మీద మనవాళ్లకు పాత తగాదాలున్నయి, 2004లో ఢిల్లీల దళితులు ‘రంగభూమి’ ప్రతులు తగలబెట్టిండ్రు. మేం పుస్తకం తగలబెట్టే పక్షం కాదు. రాయసాహెబ్ ముసుగు అంత బాగ తీసిన చెయ్యి అది, అందులో అనుమానం లేదు. కానీ తిండి పెడితేనే పని చేస్తం అన్న ఆ బేగార్ల పేర్లు ఆయన చెప్పలే. రాయసాహెబ్ వాళ్ల దిక్కు లేచిపోయిండు, కథ హోరీ దగ్గరనే ఉండిపోయింది. తర్వాత ఏమైంది? తిండి పెట్టిండా, తన్నిండా? మా జట్టుల ఆటో తమ్ముడు, సెంట్రింగ్ అన్న, తాత, అందరు అడిగింది ఇదొక్కటే. ఆ నవలల మాకు కావాల్సిన అధ్యాయం అది. అది రాయాల్సింది మనమేనేమో.

ఇదంతా పాత కథ, ఇప్పుడు లేదు అనేటోళ్లకు ఒక సంగతి చెప్పి ఆపుతం. ఇయ్యాలటికి మా దిక్కు పల్లెలల్ల పెద్దకులపోళ్ల ఇంట్లో చావైతే ఫోన్ వచ్చేది బేగరి ఇంటికే. బొంద తవ్వాలె, కట్టెలు పేర్చాలె. ఇచ్చేది వాళ్ల దయ. ఈ మధ్య ఒక ఊర్లె మన పిల్లగాండ్లు, గడ్డపార పట్టుకునే ముందే రోజు కూలి మాట్లాడుకుంటం అన్నరు. “శవం దగ్గర బేరమా?” అని పెద్దమనుషులు గరమైండ్రు. ట్రాక్టరోడు, టెంటోడు, పూలదండలోడు, అందరు బేరం చేసుకునే వచ్చిండ్రు, వాళ్లను ఎవరు ఏమనలే. ఆఖరుకు కూలి ఇచ్చిండ్రు. ఎంత ఇచ్చిండ్రు అనేది పిల్లగాండ్లు నోటుబుక్కుల రాసుకున్నరు. తాత ఆ లెక్క విని, “మా నాయిన బతికుంటే నమ్మకపోవు” అన్నడు.

మా పిల్లగాడు పేరు ఇంకా మార్చుకోలే. గెజిట్ ఫారం తెచ్చిండు, నింపలే. ‘గోదాన్’ అయిపోయేదాక ఆగుతడట.

పాఠకులకు ఒక విన్నపం. మీ ఊర్లె బేగరిని ఏమని పిలుస్తుండె, ఏయే పనులు చేయిస్తుండె, మాన్యం ఎన్ని కుంటలు, అది ఇప్పుడు ఎవరి చేతుల ఉన్నది, కల్లం కాడ మేర ఎంత, ఆడోళ్లతోని ఏం చేయించిండ్రు, ఎవరైనా చెయ్యమని ఎదురు తిరిగిండ్రా, తిరిగితే ఏమైంది, మీ ముసలోళ్లను అడిగి రాసి పంపండి. నీరడి, శేత్‌సింధీ, మస్కూరి ఇంటిపేర్లున్నోళ్లు కూడ రాయండి. చదువు రానోళ్లు చెప్తే పిల్లలతోని రాయించండి. ఎదురు తిరిగినోళ్ల పేర్లు మాత్రం మర్చిపోకుండ రాయండి. వచ్చిన ఉత్తరాలన్నీ వరుసగ అచ్చేస్తం.